ఉబుంటు నల్ల తెర దగ్గర ఆగిపోతే: ఫార్మాట్ వద్దు, ముందు ఏం తీసేశావో చూడు

తమ్ముడూ, ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకు. ఫార్మాట్ అసలే చేయించకు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ ప్రాజెక్టు ఫైళ్లకు ఏమీ కాలేదు. పోయింది డెస్క్‌టాప్. దాన్ని ఇంట్లో కూర్చునే తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇదే అవస్థలో ఉన్న ఇంకొకరికి కూడా పనికొస్తుందని నీ సంగతి క్లుప్తంగా చెబుతాను. రాజాంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నావు. పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, అందులో ఉబుంటు 22.04 (విండోస్‌కి బదులు వాడే ఒక లైనక్స్). ప్రాజెక్టుకి పైథాన్ 3.12 కావాల్సొచ్చి ఎక్కించావు, 'పైథాన్3' అని కొడితే ఇకపై అదే నడిచేలా మార్చావు. అప్పట్నుంచి కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరుచుకోవడం మానేసింది. పాత పైథాన్ తీసేస్తే సరిపోతుందని ఎవరో చెబితే దాన్నీ తీసేశావు. రీస్టార్ట్ చేశాక, "అన్నా, ఏటి నొక్కినా నల్ల తెరే వస్తంది, మూల లాగిన్ అని మాత్రం ఉంది" అన్నావు. విజయనగరంలో చూపిస్తే షాపాయన ఫార్మాట్ తప్ప దారి లేదు, డేటాకి గ్యారంటీ ఇవ్వలేనన్నాడు. వచ్చే వారం రివ్యూ. టెన్షన్ పడక ఎలా ఉంటావు! కానీ ఆ 'లాగిన్' అనే మాట కనిపిస్తోంది చూడు, అది చాలా మంచి కబురు. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ లేచింది, డిస్కు తెరుచుకుంది, సిస్టమ్ నీ పేరు అడుగుతోంది. సగం పైగా ఆరోగ్యంగా ఉన్న మెషీన్ అది.

ముందు ఏం జరిగిందో తెలుసుకో. తెలియకుండా కమాండ్లు కొడితే ఇంకో చోట తెగుతుంది.

ఉబుంటు 22.04 పైథాన్ 3.10తో వస్తుంది. అది నీకోసం మాత్రమే పెట్టింది కాదు. సిస్టమ్‌లో చాలా పనిముట్లు దాని మీదే నడుస్తాయి. నీ టెర్మినల్ సంగతే తీసుకో. ఉబుంటులో నోమ్ టెర్మినల్‌ని తెరిచే ఫైలు నిజానికి ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు. దాని మొదటి వరుసలోనే 'యూఎస్ఆర్ బిన్ పైథాన్3తో నడుపు' అని ఉంటుంది. ఆ తర్వాత అది 'జీఐ' అనే మాడ్యూల్‌ని పిలుస్తుంది. ఆ మాడ్యూల్‌లో కంపైల్ చేసిన భాగం 3.10కి మాత్రమే తయారైంది. నువ్వు 'పైథాన్3' అన్న పేరుని 3.12 వైపు తిప్పేసరికి ఆ మాడ్యూల్ దొరకలేదు, స్క్రిప్టు ఆగిపోయింది, టెర్మినల్ రాలేదు. అంటే అక్కడికి పాడైంది ఒక్క లింకు. దాన్ని వెనక్కి తిప్పితే ఆ క్షణమే బాగయ్యేది.

రెండో అడుగే దెబ్బ తీసింది. పైథాన్3 ప్యాకేజీ తీసెయ్యమంటే, దాని మీద ఆధారపడ్డవన్నీ కూడా తీసెయ్యాలి కదా అని, ప్రోగ్రాములు ఎక్కించి దించే ఆప్ట్ లెక్క వేస్తుంది. ఇంటి దూలం లాగెయ్యమంటే పైకప్పు కూడా దిగాల్సిందే. ఉబుంటు డెస్క్‌టాప్, దానితో వచ్చే సెట్టింగులు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే పనిముట్లు వరసగా ఆ జాబితాలోకి వచ్చేస్తాయి. ఆప్ట్ దొంగచాటుగా ఏమీ చెయ్యదు. 'ఈ కింది ప్యాకేజీలు తొలగిస్తాను' అని పెద్ద జాబితా చూపించి, అవునా కాదా అని అడుగుతుంది. మనవాళ్లు చాలామంది అక్కడ చదవకుండా 'వై' కొట్టేస్తారు. 2021లో లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న యూట్యూబర్‌కి పాప్ ఓఎస్ అనే ఇంకో లైనక్స్‌లో, గేముల కోసం స్టీమ్ ఎక్కిస్తుంటే డెస్క్‌టాపే పోయింది. అక్కడ కూడా హెచ్చరిక తెర మీదే ఉంది, ఆయన ఒప్పుకుంటున్నట్టు టైప్ చేశాడు. ఇది కొత్తవాళ్లకే జరిగేది కాదని చెప్పడానికే ఈ మాట.

ఇక పనిలోకి దిగుదాం. కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టు.

లాగిన్ దగ్గర యూజర్ పేరు ఇచ్చి ఎంటర్ నొక్కు. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పోయిందనుకుని కంగారు పడకు, అక్కడ అంతే. ఒకవేళ పూర్తిగా ఖాళీ నల్ల తెరే ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు, లాగిన్ వస్తుంది.

లోపలికి వెళ్లగానే బాగుచెయ్యడం మొదలుపెట్టకు. ముందు ప్రాజెక్టు ఫోల్డరు బయటికి తీసుకో. పెన్‌డ్రైవ్ పెట్టి 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కొట్టు. డిస్కులు, వాటి సైజులు కనిపిస్తాయి. సైజుని బట్టి పెన్‌డ్రైవ్ ఏదో గుర్తుపట్టు, సాధారణంగా 'ఎస్‌డీబీ1' అవుతుంది. 'సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ' అని దాన్ని కలుపు (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడుపు అని). తర్వాత 'సుడో సీపీ -ఆర్' అని కొట్టి ఖాళీ వదిలి ప్రాజెక్టు ఫోల్డరు పేరు, మళ్లీ ఖాళీ వదిలి '/ఎంఎన్‌టీ' ఇవ్వు. అయిపోయాక 'సింక్' కొట్టు, అది ముగిసేదాకా ఆగు, ఆ తర్వాత 'సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ'. ఇక్కడ తొందరపడి పెన్‌డ్రైవ్ లాగేస్తే కాపీ సగంలో ఉండిపోతుంది. ఈ ఒక్క పని అయ్యాక నీ టెన్షన్ ముప్పాతిక పోతుంది. ఆ పైన ఏం జరిగినా రివ్యూ ఆగదు.

ఇప్పుడు నెట్ కావాలి. డెస్క్‌టాప్‌తో పాటు వైఫై నడిపే నెట్‌వర్క్ మేనేజర్ కూడా పోయి ఉండొచ్చు. దానికి సులువైన దారి నీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చెయ్యి. కంప్యూటర్‌కి అది తీగతో వచ్చిన నెట్‌లాగే కనిపిస్తుంది, వైఫై డ్రైవర్ల గొడవే ఉండదు. ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లకి ఇంతకంటే నమ్మకమైన ఉపాయం లేదు. 'ఐపీ లింక్' కొడితే 'యూఎస్‌బీ0' అనో, 'ఈఎన్ఎక్స్'తో మొదలయ్యే పొడుగాటి పేరో కొత్తగా కనిపిస్తుంది. 'సుడో డీహెచ్‌క్లయింట్' అని, పక్కన ఆ పేరు ఇవ్వు. కమాండ్‌లో ఆ మాట స్పెల్లింగు 'డి, హెచ్' అక్షరాలు, వాటికి కలిపి 'క్లయింట్'. తర్వాత ఏదైనా సైటుని పింగ్ చేసి జవాబు వస్తోందో లేదో చూసుకో.

నెట్ వచ్చాక వరసగా ఇవి చెయ్యి. 'సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3'. నువ్వు పెట్టిన దారి మళ్లింపుని ఇది తీసేస్తుంది. ఆ వెంటనే 'సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3'. దీంతో లింకు మళ్లీ 3.10 వైపు తిరుగుతుంది. తర్వాత 'సుడో ఆప్ట్ అప్‌డేట్'. ఆ పైన 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ పైథాన్3.10-మినిమల్ పైథాన్3-మినిమల్ పైథాన్3'. ఇది ముందు ఎందుకంటే, డెస్క్‌టాప్ ప్యాకేజీలు చాలావాటికి ఎక్కేటప్పుడు నడిచే స్క్రిప్టులుంటాయి, అవి పైథాన్‌ని అడుగుతాయి. పునాది లేకుండా డెస్క్‌టాప్ పిలిస్తే మధ్యలో ఆగి ఇంకో రకం ఎర్రర్ ఇస్తుంది. పైథాన్ పోయాక ఆప్ట్ మాత్రం ఎలా మిగిలిందని నీకు అనుమానం రావచ్చు. ఆప్ట్, దాని కింద పనిచేసే డీపీకేజీ పైథాన్‌లో రాసినవి కావు. అందుకే ఇంత జరిగినా అవి నిలబడే ఉంటాయి.

ఆఖరున 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్ నెట్‌వర్క్-మేనేజర్'. ఎంత డౌన్‌లోడ్ అవుతుందో ఆప్టే ముందు చెబుతుంది. ఫోన్ డేటా చాలదనుకుంటే 'ఉబుంటు-డెస్క్‌టాప్-మినిమల్' వేసుకో, డెస్క్‌టాప్ వస్తుంది, అదనపు ప్రోగ్రాములు రావు. మధ్యలో ఏదైనా సగంలో ఆగితే 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', దాని తర్వాత 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్'. రెండూ కొట్టి, సగంలో ఆగిన ఆ ఇన్‌స్టాల్ కమాండే మళ్లీ కొట్టు. అయ్యాక 'సుడో రీబూట్'.

ఒక్క హెచ్చరిక. 'ఈ ప్యాకేజీలు ఇక అవసరం లేదు, ఆటోరిమూవ్‌తో తీసెయ్యొచ్చు' అని ఆప్ట్ ఈ మధ్యలో పదే పదే చెబుతుంది. డెస్క్‌టాప్ తిరిగి వచ్చేదాకా దాని మాట వినకు. డెస్క్‌టాప్ అనే పెద్ద ప్యాకేజీ పోయింది కాబట్టి దాని కోసం వచ్చినవన్నీ అనాథలని అది అనుకుంటోంది. ఇప్పుడు ఆటోరిమూవ్ కొడితే మిగిలిన సగం కూడా పోతుంది.

సరిగ్గా ఏవేవి పోయాయో తెలుసుకోవాలంటే ఊహించక్కర్లేదు. '/వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్' అనే ఫైలు తెరువు. ఏ తేదీన, ఏ టైముకి, ఏ కమాండ్ కొట్టావో, దానివల్ల ఏవి ఎక్కాయో ఏవి దిగాయో అన్నీ అక్కడ వరసగా రాసి ఉంటాయి. 'రిమూవ్' అన్న వరుసలో నీ పోయిన ప్యాకేజీల పేర్లన్నీ ఉంటాయి. నా దగ్గరికి ఎవరు పాడైన లైనక్స్ మెషీన్ తెచ్చినా నేను మొదట చూసేది ఈ ఫైలునే. "నేనేమీ చెయ్యలేదు సార్, దానంతట అదే పోయింది" అనే పిల్లలకి ఆ ఫైలు చూపిస్తే వాళ్లకే గుర్తొస్తుంది, "అవును సార్, ఆ రోజు అది ఎక్కించాను కదా" అని. తప్పు పట్టడానికి కాదు. ఏది మారిందో తెలిస్తే ఏది వెనక్కి తిప్పాలో తెలుస్తుంది. శ్రీకాకుళంలో కాలేజీ ల్యాబ్ చూసుకుంటూ ఏళ్ల తరబడి గమనించింది ఇదే: లైనక్స్ చాలావరకు ఊరికే పాడవదు, ఆఖరున మారిన ఏదో ఒక దాని దగ్గర పాడవుతుంది. ఫార్మాట్ చేస్తే ఆ ఆధారం కూడా చెరిగిపోతుంది. రెండు నెలలకి మళ్లీ అదే చోట అదే దెబ్బ తగులుతుంది.

లాగిన్ కూడా రాని పరిస్థితి ఉంటే వేరే దారి ఉంది. ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కు (పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ పట్టుకోవాలి). ఏ సిస్టమ్‌ని, ఏ కెర్నల్‌ని లేపాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఉంటుంది, దాంతో లేపి చూడు. కెర్నల్ అప్‌డేట్ తర్వాత ఆగిపోయిన మెషీన్లు చాలా వరకు ఇక్కడే లేస్తాయి. దాని కిందే రికవరీ మోడ్ ఉంటుంది. అందులో రూట్ షెల్‌కి వెళ్తే డిస్కు చదవడానికి మాత్రమే తెరిచి ఉండొచ్చు. 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /' కొడితే రాయడానికి కూడా వీలవుతుంది. ఈ చిన్న కమాండ్ తెలియకే చాలామంది ఏ మార్పూ సేవ్ కావట్లేదని వదిలేస్తారు.

అదీ కాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్. స్నేహితుడి కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు 22.04 ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) రాయించుకో, విండోస్ అయితే రూఫస్ అనే ప్రోగ్రాం సరిపోతుంది. దాంతో బూట్ చేసి 'ట్రై ఉబుంటు' ఎంచుకో, 'ఇన్‌స్టాల్' జోలికి పోకు. డెస్క్‌టాప్ వచ్చాక నీ డిస్కు ఫైల్స్‌లో మామూలుగా తెరుచుకుంటుంది, కాపీ చేసుకోవడం ఇంకా సులువు. బాగుచెయ్యాలంటే 'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' కొట్టి 'ఈఎక్స్‌టీ4' అని ఉన్న పార్టిషన్‌ని '/ఎంఎన్‌టీ'కి, 'వీఫ్యాట్' అని ఉన్న చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని '/ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ'కి మౌంట్ చెయ్యి. తర్వాత డెవ్, ప్రోక్, సిస్, రన్ అనే నాలుగు ఫోల్డర్లనీ 'మౌంట్ --బైండ్'తో లోపలికి కలిపి 'సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ' అను. ఇక నువ్వు ఉన్నది పాడైన సిస్టమ్ లోపలే. పైన చెప్పిన ఆప్ట్ కమాండ్లన్నీ ఇక్కడ నడుస్తాయి, సుడో అక్కర్లేదు. చాలామంది 'రన్'ని వదిలేస్తారు. అది లేకపోతే సైట్ల పేర్లు వెతికే ఫైలు దొరకదు, నెట్ ఉన్నా ఆప్ట్ లేదంటుంది. గ్రబ్ పోయినవాళ్లు కూడా ఇక్కడి నుంచే 'గ్రబ్-ఇన్‌స్టాల్', 'అప్‌డేట్-గ్రబ్' కొట్టుకోవచ్చు.

నీది ఇది కాకపోయినా, మన వైపు ఎక్కువగా చూసే ఇంకో రోగం చెప్పాలి. కరెంటు. ఇళ్లలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు చాలావరకు చచ్చి ఉంటాయి. సాయంత్రం గాలివాన మొదలై కరెంటు పోయిందంటే మెషీన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత తెచ్చిన కంప్యూటర్లలో ఎక్కువ వాటిలో కనిపించింది ఒకటే తెర, బ్రాకెట్లలో 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అని రాసి, పక్కన మినుకుమంటున్న కర్సర్. దానికి పైన ఎక్కడో 'ఎఫ్ఎస్‌సీకే (డిస్కులో తప్పులు సరిచేసే పనిముట్టు) మీరే నడపండి' అనీ, ఏ పార్టిషనో దాని పేరూ ఉంటుంది. 'ఎఫ్ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2' అని, ఆ తెర చెప్పిన పార్టిషన్ పేరుతో కొట్టి, అయ్యాక 'రీబూట్' చేస్తే ఎక్కువసార్లు లేచిపోతుంది. ఇది పదే పదే వస్తుంటే మాత్రం డిస్కే పోతోందేమో చూడాలి, ముందు డేటా తీసుకోవాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఇందాక చెప్పిన 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' మందు. మబ్బు పట్టిన సాయంత్రం పెద్ద అప్‌గ్రేడ్ పెట్టుకోకూడదు, బ్యాటరీ బాగున్నా సరే.

చిన్నవి ఇంకో రెండు. లాగిన్ తెరలో పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్‌కే వస్తుంటే డిస్కు నిండిందేమో చూడు, 'డీఎఫ్ -హెచ్' చెబుతుంది. 'సుడో ఆప్ట్ క్లీన్', 'సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం' (చివరి 'ఎం' ఒక్కటి పెద్ద అక్షరం) కొంత చోటు ఇస్తాయి. ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకి డ్రైవర్ మార్చాక నల్ల తెర వస్తే, గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, 'లైనక్స్' అని మొదలయ్యే వరుస చివర 'నోమోడ్‌సెట్' చేర్చి ఎఫ్10తో లేపితే డెస్క్‌టాప్ దాకా వెళ్లి డ్రైవర్ మార్చుకోవచ్చు. ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే, భయం లేదు.

ఇప్పుడు నీ పైథాన్ 3.12 సంగతి. నువ్వు దాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు. 3.12 పక్కన ఉండొచ్చు, రెండూ ఒకే మెషీన్‌లో హాయిగా కలిసి ఉంటాయి. 'పైథాన్3' అన్న పేరు మాత్రం సిస్టమ్‌ది, దాన్ని ముట్టుకోకు. 'పైథాన్3.12-వీఈఎన్‌వీ' ప్యాకేజీ వేసుకుని, ప్రాజెక్టు ఫోల్డరులో 'పైథాన్3.12 -ఎం వీఈఎన్‌వీ ఈఎన్‌వీ' కొడితే ఒక విడి గది తయారవుతుంది. దాన్ని యాక్టివేట్ చేశాక లోపల 'పైథాన్' అన్నా, దాని లైబ్రరీలు ఎక్కించే 'పిప్' అన్నా 3.12వే. పనైపోతే ఆ ఫోల్డరు తీసేస్తే చాలు, సిస్టమ్‌కి తెలియనే తెలియదు. 'సుడో పిప్' అన్న మాట ఎక్కడ కనిపించినా ఆ సలహా వదిలెయ్యి.

అలాగని ఈ దెబ్బతో సిస్టమ్‌ని కదపడం మానేస్తావేమో, అలా చెయ్యకు. ఈ ఓఎస్‌లో నచ్చేదే అది, ప్రతి ఫైలూ తెరిచి చూడొచ్చు, ఏదైనా మార్చొచ్చు. మా కాలేజీలో లైనక్స్ బాగా వచ్చిన పిల్లలంతా ఎప్పుడో ఒకసారి మెషీన్‌ని పడుకోబెట్టి, తామే లేపినవాళ్లే. లేపే ఏర్పాటు ముందే ఉండాలి, అంతే. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం వేసుకో, లైనక్స్ మింట్‌లో అయితే ముందే ఉంటుంది. సిస్టమ్ ఫైళ్ల స్నాప్‌షాట్ తీసి పెడుతుంది. ఏదైనా పెద్ద మార్పుకి ముందు ఒకటి తీసి పెట్టుకుంటే, నువ్వు ఇవాళ పడ్డ అవస్థంతా ఒక రీస్టోర్‌తో పోయేది. మెషీన్ లేవకపోయినా లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి రీస్టోర్ చెయ్యొచ్చు. అయితే మామూలు సెట్టింగులో అది నీ హోమ్ ఫోల్డరుని కాపీ చెయ్యదు. అందుకని ప్రాజెక్టు ఫైళ్లు విడిగా పెన్‌డ్రైవ్‌లోనో, గిట్‌లోనో ఉండాల్సిందే. స్నాప్‌షాట్లు దాచే డిస్కు కూడా లైనక్స్ పార్టిషన్ అయ్యుండాలి, విండోస్ కోసం ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ పనికిరాదు.

కొత్త ఆప్ట్ కమాండ్ దేన్నైనా పరీక్షించాలంటే 'ఆప్ట్ -ఎస్' అని మొదలుపెట్టు, ఏం చేస్తుందో చూపిస్తుంది, చెయ్యదు. 'ఆప్ట్ -ఎస్ రిమూవ్ పైథాన్3' అని కొట్టి చూడు, నీ డెస్క్‌టాప్ వెళ్లిపోయే జాబితా అంతా తెర మీద నడుస్తుంది. నెట్‌లో ఇచ్చే కమాండ్లలో చివర '-వై' ఉంటే దాన్ని చెరిపేసి కొట్టు, అప్పుడు ఆప్ట్ నిన్ను అడుగుతుంది.

ఇవాళ రాత్రికి కాపీ, టెదరింగ్, పైథాన్ దాకా చెయ్యి. డెస్క్‌టాప్ రేపు పొద్దున తీరిగ్గా చేసుకోవచ్చు. అన్నీ అయ్యాక కూడా లాగిన్ తెర రాకపోతే 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ జీడీఎం3' కొట్టిన తెర, హిస్టరీ లాగ్‌లో ఆ చివరి 'రిమూవ్' వరుస, రెండూ ఫోన్‌తో ఫోటో తీసి పంపు. ఏ ప్యాకేజీ మిగిలిపోయిందో చూసి చెబుతాను.